కోడిజుట్టు కొండ మీద మంచుజారుడు

ప్రతి సంవత్సరమూ జనవరి మాసపు ఉత్తరార్ధంలో క్రీడావార్తలలో ఒక పేరు తప్పక వస్తుంది. కిట్స్‌బ్యూల్ అనేది ఆ పేరు. ఆస్ట్రియా దేశంలో టిరోల్ రాష్ట్రానికి చెందిన చిన్న పట్టణమది. ఆ పేరు చదివేటప్పుడు నాలుక మడతపడటం మా ఇబ్బంది. విన్నప్పుడు అదెక్కడిదో తెలియకపోవటం శ్రోతల ఇబ్బంది. "డౌన్‌హిల్ పందెంలో ఫలానా దేశస్థుడు ప్రథముడుగా వచ్చినాడు" అని ఒక్క వాక్యం చదివి, మేము క్రికెట్టు మీదికి వెళ్ళిపోతాము. ఆ వాక్యం వెనుక ఒక కొండ ఉన్నది. ఆ కొండ మీద, ఒకే ఉదయాన, ప్రాణాలకు తెగించి దూకే వీరులూ ఉంటారు. తల్లి చేయి విడిచి మంచు మీద మొదటిసారి నిలబడే నాలుగేండ్ల పసివాళ్ళూ ఉంటారు. ఈ రెండు వర్గాలకూ ఒకే కొండ ఎట్లా సరిపోతున్నదో వివరించటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా మన భాషతో ఒక చిన్న పేచీ ఉన్నది. ధనుర్మాసంలో గడ్డిపరకల మీద నిలిచేదీ మంచే, తెల్లవారుజామున రైళ్ళను ఆలస్యం చేసేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. మనకు ఆ అవసరం లేదు గనుక ఒక్క మాటతో సరిపెట్టుకున్నాము. టిరోల్ ప్రజలకు అట్లా కుదరదు. పిండివలె పొడిగా కొత్తగా కురిసిన దానిని పుల్వర్ అంటారు. వసంతకాలంలో పగలు కరిగి రాత్రి గట్టిపడి, ఉదయపు ఎండకు పైపొర మాత్రం బియ్యపు రవ్వవలె మెత్తబడిన దానిని ఫిర్న్ అంటారు. మధ్యాహ్నానికి నీరెక్కి ముద్దగా అయినది జుల్త్స్. అనుభవజ్ఞుడు ఇంటి కిటికీలోనుండి చూచి, ఈవేళ ఏది దొరుకుతుందో చెప్పగలడు. ఈ వ్యాసంలో మంచు అన్నచోటల్లా ఆకాశం నుండి తెల్లగా కురిసి నేల మీద పేరుకొనే హిమమనే గ్రహించవలసినదిగా ప్రార్థన.

కిట్స్‌బ్యూల్ సముద్రమట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆల్ప్స్ పర్వతాలలో ఇది ఏమంత ఎత్తు కాదు. ఈ సంగతి తరువాత మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది. 1271లో పట్టణ హోదా పొందినది. పదహారవ శతాబ్దంలో వెండి, రాగి గనులతో కలకలలాడి, గనులు అడుగంటిన తరువాత సామాన్యమైన కొండ ఊరుగా మిగిలినది. పట్టణానికి ఇరువైపులా రెండు కొండలు ఉన్నాయి. ఒకటి 1996 మీటర్ల కిట్స్‌బ్యూలర్ హార్న్. రెండవది 1712 మీటర్ల హానెన్‌కమ్. జర్మన్ భాషలో హానెన్‌కమ్ అంటే కోడిజుట్టు. మన పెరళ్ళలో ఎర్రగా పూచే పువ్వుకూ మనవారు అదే పేరు పెట్టుకున్నారు. కొండకూ పువ్వుకూ ఒకే పోలిక తోచటం చిత్రమే.

నార్వే దేశీయుడు నాన్సెన్ 1888లో స్కీలు ధరించి గ్రీన్లండును అడ్డంగా దాటినాడు. ఆ యాత్రను గురించి అతడు రాసిన గ్రంథాన్ని కిట్స్‌బ్యూల్ పౌరుడు ఫ్రాంజ్ రైష్ చదివి, నార్వే నుండి ఒక జత స్కీలు తెప్పించుకున్నాడు. 1893లో హార్న్ శిఖరం నుండి వాటి మీద క్రిందికి జారి వచ్చినాడు. నార్వేలో స్కీ అనేది పొరుగూరికి పోవటానికి ఉపయోగపడే సాధనం, మనకు ఎడ్లబండి వంటిది. ఆల్ప్స్ వాలులు వేరు. అక్కడ దారి పొడుగునా ఏటవాలే. కనుక నడకకు పుట్టిన పనిముట్టు జారుడుకు మారవలసి వచ్చినది. ఈ మార్పులోనే అసలు సమస్య పుట్టినది. జారటం ఎవరైనా చేయగలరు. ఆగటం ఎట్లా?

స్కీలు అంటే పాదాలకు బిగించుకొనే రెండు పొడవాటి పలకలు. ముందుకొనలు పైకి వంగి ఉంటాయి. పూర్వం కర్రతో చేసేవారు. ఇప్పుడు కర్ర, ప్లాస్టిక్, గాజునార, లోహం పొరలు పొరలుగా కలిపి చేస్తారు. అడుగుభాగం నున్నగా ఉండి, మైనం పూయబడుతుంది. అంచులకు ఇనుపపట్టీ ఉంటుంది. ఈ అంచే ఆటకు ప్రాణం. పలక అడుగు మంచుకు ఆనినప్పుడు జారుతుంది. పలకను పక్కకు వాల్చి అంచును గుచ్చినప్పుడు పట్టు దొరుకుతుంది. ఎంత జారవలె, ఎంత పట్టవలె అన్నది పాదం, మోకాలు, నడుము కలిసి ప్రతి క్షణమూ నిర్ణయించుకుంటూ ఉండవలసినదే.

కొత్తవారికి మొదట నేర్పేది నాగలి. స్కీల ముందుకొనలు రెండూ దగ్గరగా చేర్చి, వెనుకకొనలను ఎడంగా తోసినప్పుడు ఆ ఆకారం నాగలికర్రు వలె ఉంటుంది. లోపలి అంచులు రెండూ మంచును గీరుతాయి, వేగం తగ్గుతుంది. వెనుకకొనలను ఇంకా ఎడం చేస్తే ఆగిపోతాము. ఆస్ట్రియా దేశీయుడు మథియాస్ జ్డార్‌స్కీ 1896లో వెలువరించిన గ్రంథంలో ఆల్ప్స్ వాలులకు తగిన పద్ధతిని శాస్త్రీయంగా వివరించినాడు. ఈ కాలపు పిల్లలకు నాగలి తెలియదు గనుక, పిజ్జాముక్క వలె కాళ్ళు పెట్టమని చెబుతారు. రైతుబిడ్డలమైన మాకు నాగలే నచ్చినది.

తిరగటం కూడా ఈ నాగలితోనే ఆరంభం. నాగలి ఆకారంలో దిగుతూ ఎడమకాలిపై బరువు మోపితే మనిషి కుడివైపుకు తిరుగుతాడు. కుడికాలిపై మోపితే ఎడమవైపుకు. మొదట వినగానే తిరకాసుగా తోస్తుంది. పదిసార్లు చేసిన తరువాత సైకిలు వలె ఒంటికి పట్టుకుంటుంది.

అసలు కష్టం కాళ్ళది కాదు, భయానిది. మేము ఒకానొక శీతకాలంలో కశ్మీరంలోని గుల్మార్గ్ పచ్చికబయలు మీద, కిరాయికి తెచ్చుకున్న స్కీలు కట్టుకుని ఒక పూట సాహసం చేసినాము. ఎదుట ఉన్నది మన వీధి అరుగు పాటి వాలు. స్కీలు కదలగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి వంగినది. నేల మీద జారేటప్పుడు వెనక్కి వంగటం మనిషి సహజగుణం. కాని స్కీల మీద వెనక్కి వంగితే బరువంతా పలకల వెనుకభాగం మీద పడుతుంది, ముందుభాగం తేలిపోతుంది, తిప్పటం, ఆపటం రెండూ చేతులు దాటిపోయి, పలకలు మరింత వేగంగా ముందుకు పరుగెత్తుతాయి. వేగం పెరిగిన కొద్దీ భయం, భయం పెరిగిన కొద్దీ వంగుడు. ఆ వరుసకు ముగింపు ఏమిటో శ్రోతలు ఊహించగలరు. మాకు నేర్పుతున్న కుర్రవాడు ఒక్కటే మాట అన్నాడు: "సాబ్, లోయ వైపు వంగండి." ఎటు పడతామని భయపడుతున్నామో అటే వంగమనటం! మోకాళ్ళు వంచి, ముంగాలి ఎముకతో బూటు ముందుభాగాన్ని నొక్కి, ఛాతీ లోయకు ఎదురుగా ఉంచితే స్కీలు చెప్పినమాట వింటాయి. ఆ పూట మాకు అది అర్థమైనది గాని అలవాటు కాలేదు.

పిల్లలకు ఇది సులభంగా పట్టుబడుతుంది. వారి ఎత్తు తక్కువ, పడితే దెబ్బ తక్కువ, పరువుచింత బొత్తిగా లేదు. కిట్స్‌బ్యూల్ లోయలో, హానెన్‌కమ్ అడుగునే, దాదాపు సమతలమైన మైదానాలు ఉన్నాయి. అక్కడ పిల్లలను నేల మీద కదిలే వెడల్పాటి పట్టా ఒకటి వాలు పైకి చేరుస్తుంది, నిలబడితే చాలు. పైనుండి నాగలి వేసుకుంటూ దిగుతారు. శిక్షకులు ఎర్రకోట్లు ధరించి ముందు నడుస్తుంటే, వెనుక బాతుపిల్లల వరుసవలె పిల్లలు పాము వంకరలు తిరుగుతూ వస్తారు. ఆ శిక్షకులకు ఆ ఊళ్ళో పేరు ఎర్రదయ్యాలు.

విద్యార్థులను శక్తినిబట్టి తరగతులుగా విభజించి నేర్పటం టిరోల్‌లోనే మరొక ఊరు జాంక్ట్ ఆంటోన్‌లో స్థిరపడినది. అక్కడ హానెస్ ష్నైడర్ 1921లో స్కీ పాఠశాల స్థాపించి, నాగలి నుండి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కించే క్రమాన్ని ఏర్పరచినాడు. సంగీతంలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అన్న వరుస వంటిదే ఇది. వర్ణం రాకముందే కృతి పాడబోయే శిష్యుడు అక్కడా ఉంటాడు. కాని అక్కడ అపస్వరానికి ఎముక విరుగుతుంది.

అందుచేతనే కొండ మీది దారులకు రంగులు ఏర్పరచినారు. ఆస్ట్రియాలో సులభమైన దారికి నీలిగుర్తు, మధ్యరకానికి ఎరుపు, కఠినమైనదానికి నలుపు. నీలిదారి వాలు సాధారణంగా నూటికి 25 మించదు, అంటే 100 అడుగులు ముందుకు పోయేసరికి 25 అడుగుల దిగుడు. ఎరుపు నూటికి 40 వరకు. ఆపైన ఉన్నది నలుపు. కిట్స్‌బ్యూల్, కిర్ష్‌బెర్గ్, యోఖ్‌బెర్గ్, థుర్న్ కనుమ వరకు వ్యాపించిన ఈ ప్రాంతంలో దారుల మొత్తం పొడవు 180 కిలోమీటర్ల పైచిలుకు. వాటిలో నీలి, ఎరుపు దారులే హెచ్చు. హానెన్‌కమ్ మీదికి రోప్‌వే 1928లోనే వచ్చినది. 2004లో మరొక రోప్‌వే లోయకు అడ్డంగా వేసినారు. దానిలో కూర్చుని క్రిందికి చూస్తే నేల 400 మీటర్ల లోతున ఉంటుంది. తల తిరిగేవారు ఎదుటి కొండనే చూడటం మేలు.

రంగుతోపాటు నడవడి నియమాలూ ఉన్నాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య వారు పది నియమాలు చేసినారు. వాటిలో ముఖ్యమైనది ఇది: వెనుక నుండి వచ్చేవాడే ముందున్నవానిని తప్పించి పోవలె. ముందున్నవానికి వీపు వెనుక కండ్లు లేవు గదా! మన రహదారుల మీద వెనుకవాడు హారన్ మోగించి ముందువాడిని తొలగమంటాడు. అక్కడ బాధ్యత తిరగబడినది. వేగిరగాండ్రు ఎందరున్నా, మెల్లగా దిగే కొత్తవాడు నిర్భయంగా ఉండగలుగుతున్నాడంటే ఈ ఒక్క నియమం మూలాననే. గుర్తులున్న దారి విడిచి పోయేవారి సంగతి వేరు. వారికి హిమపాతాల భయం ఉన్నది. ఐదు మెట్ల ప్రమాదసూచిక ప్రతిదినమూ ప్రకటిస్తారు. అది చూడకుండా, రేడియో సంకేతమిచ్చే పరికరమూ, పొడవాటి ఊచా, పారా లేకుండా అటు పోవటం సాహసం కాదు, తెలివితక్కువ.

ఇక ఆ జనవరి వార్తకు వస్తాము. హానెన్‌కమ్ పందెం మొదట 1931లో జరిగినది. ఆ పందెపుదారి పేరు ష్ట్రైఫ్. 1665 మీటర్ల ఎత్తున మొదలై 805 మీటర్ల వద్ద ముగుస్తుంది. పొడవు 3312 మీటర్లు. బయలుదేరిన పది సెకన్లలోపే వచ్చేది ఎలుకబోను అనే స్థలం. అక్కడ వాలు నూటికి 85. మన ఇండ్లలో మేడమెట్లు 7 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు అనుకుంటే, అది నూటికి 64 కూడా కాదు. అనగా మేడమెట్ల కంటె నిటారైన చోట, మనిషి నేలను విడిచి గాలిలో అనేక పదుల మీటర్లు ఎగిరి దిగుతాడు. దిగిన వెంటనే వంపు, ఆ వెంటనే మరొక నిట్రపువాలు. చివర కాళ్ళలో సత్తువ ఉడిగిన సమయానికి హౌస్‌బెర్గ్ అంచు అనే మరొక దూకుడు. పందెపుదారిపై మెత్తని మంచు ఉండనీయరు. నీరు ఎక్కించి గడ్డకట్టిస్తారు. లేకపోతే మొదట వచ్చినవాడికి చదునుదారి, నలభైయవ వాడికి గుంటలదారి దక్కి, పందెం అన్యాయమవుతుంది. 1997లో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ ష్ట్రోబుల్ 1 నిమిషం 51.58 సెకన్లలో దీనిని దిగినాడు. సగటున గంటకు 107 కిలోమీటర్ల వేగమన్నమాట.

ఇది అందరూ క్షేమంగా ఇల్లు చేరే ఆట కాదు. 2009లో స్విట్జర్లండుకు చెందిన డానియెల్ ఆల్‌బ్రెఖ్ట్ సాధనలో చివరి దూకుడు వద్ద పడి మూడు వారాలు స్పృహలేకుండా ఉన్నాడు. 2011లో ఆస్ట్రియాకు చెందిన హాన్స్ గ్రుగర్ ఎలుకబోను వద్ద పడి తలకు తీవ్రమైన గాయం పొందినాడు. ఇద్దరూ బ్రతికి బయటపడినారు. ఇట్టి పందెం ఉండవలెనా అని ప్రశ్నించేవారు ఉన్నారు. పోటీదారులు మాత్రం తక్కిన గెలుపులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అని భావిస్తారు. మా మట్టుకు మేము రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి చూస్తాము. చూచినందుకు కొంచెం సిగ్గుపడతాము.

పందెం లేని దినాలలో అదే కొండ నుండి సామాన్యులు దిగుతారు. నిటారైన భాగాలను చుట్టి పోయే మరొక దారి ఏర్పరచినారు. దానిని కుటుంబపు ష్ట్రైఫ్ అంటారు. కొంత నేర్పు గల తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకుని దిగుతూ, ఎలుకబోను అంచున ఒక్క నిమిషం ఆగి, క్రిందికి తొంగిచూచి, చల్లగా పక్కదారి పట్టవచ్చును. దారిలో జైడ్లాల్మ్ అనే పాత కొండగుడిసె వస్తుంది. స్కీ ప్రపంచకప్ పోటీలన్న ఆలోచన 1966 జనవరిలో అక్కడే రూపు దాల్చి, మరుసటి సంవత్సరమే అమలులోకి వచ్చినది.

ఈ ఊరి మనిషే టోనీ జైలర్. 1935లో పుట్టినాడు, రేకుపని అతని వృత్తి. 1956లో ఇటలీలోని కోర్టీనాలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో డౌన్‌హిల్, స్లాలోమ్, జెయింట్ స్లాలోమ్ మూడింటా స్వర్ణపతకాలు గెలిచినాడు. అప్పటికి ఇరవై ఏండ్లు. ఈ ఆటలో గెలుపోటములను సెకనులో నూరవవంతులతో కొలుస్తారు. జైలర్ జెయింట్ స్లాలోమ్‌ను 6.2 సెకన్ల తేడాతో గెలిచినాడు. డౌన్‌హిల్‌కు ముందు అతని స్కీ పట్టీ తెగిపోగా, ప్రత్యర్థి అయిన ఇటలీ జట్టు శిక్షకుడు తన పట్టీ ఊడదీసి ఇచ్చినాడు. తరువాత జైలర్ సినిమాలలో నటించినాడు, పాటలు పాడినాడు. అన్నీ అయిన పిమ్మట ఊరికి తిరిగివచ్చి, పిల్లల స్కీ పాఠశాలను చాలాకాలం నడిపినాడు. ప్రపంచాన్ని జయించినవాడు నాలుగేండ్ల పిల్లవాని బూటు బిగిస్తూ మోకాళ్ళపై కూర్చున్నాడు. 2009లో మరణించినాడు.

ఆ పిల్లల మైదానాన్ని గురించే మా ఆందోళన. పందొమ్మిదవ శతాబ్దపు చివరి నుండి ఆల్ప్స్ ప్రాంతం సుమారు 2 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినది. భూగోళపు సగటు కంటె ఇది హెచ్చు. వేడి పెరిగినకొద్దీ, మంచుగా కురవవలసినది వానగా కురిసే హద్దు కొండ పైకి జరుగుతుంది. శిఖరాలకు ఇంకా వ్యవధి ఉన్నది. ముందుగా పచ్చబడేది లోయ అడుగు. కొత్తవాళ్ళ మైదానాలు ఉన్నది సరిగ్గా అక్కడే, 760 మీటర్ల దగ్గర. నేర్పరికి ఒక దారి పోతే పైన ఇంకొకటి దొరుకుతుంది. నాగలి వేయటం రాని పసివానికి ఆ మైదానం తప్ప మరొకటి లేదు. వాడిని రోప్‌వేలో పైకి తీసుకుపోవచ్చు. దానికి టిక్కెట్టు కావలె, తోడు మనిషి కావలె. బడి విడిచిన తరువాత గంటసేపు ఇంటి పక్కన జారి వచ్చే అలవాటుకూ, ప్రయాణం కట్టి పోవలసిన వినోదానికీ చాలా వ్యత్యాసం ఉన్నది.

దీనికి విరుగుడుగా యంత్రాలతో మంచు తయారుచేస్తున్నారు. కొండ మీద చెరువులు త్రవ్వి నీరు నిలువజేసి, గొట్టాల ద్వారా పంపి, గాలి ఒత్తిడితో సన్నని తుంపరలుగా చిమ్ముతారు. చలిగాలిలో ఆ తుంపరలు నేలపై పడేలోగా గడ్డకడతాయి. ఈ మంచు సహజమైనదానికంటె దట్టం. కనుక తొందరగా కరగదు. కాని యంత్రానికీ చలి కావలె. గాలి పొడిగా ఉంటే సున్నాకు కొంచెం దిగువన చాలు. తేమగా ఉంటే ఇంకా చలి అవసరం. మేము పంకాలు వేసి చలిని పుట్టించలేమని యంత్రాలవారే ఒప్పుకుంటారు. 2007 జనవరిలో పందెానికి ముందు ఎత్తైన ప్రాంతం నుండి మంచును తెప్పించి, హెలికాప్టర్లతో ష్ట్రైఫ్ మీద పోయించినారు. తుఫానుగాలి, వాన వచ్చి, ఆ ఏడు డౌన్‌హిల్ జరుగలేదు. 2018 అక్టోబరులో మరొక వింత చూచినాము. గత శీతకాలపు మంచును వేసవిలో కప్పిపెట్టి దాచి, పచ్చని కొండ మీద తెల్లని నాడావలె పరచి జారుడు ప్రారంభించినారు. ఆ ఛాయాచిత్రం చూచి కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది నవ్వినారు. ఉపాధి అంతా మంచు మీద ఆధారపడిన ఊరిని చూచి నవ్వటం మాకు సాధ్యం కాలేదు. వానల కోసం ఆకాశం వైపు చూచే రైతు మనకు కొత్త కాదు.

మన దేశానికి ఈ ఆటతో సంబంధం లేకపోలేదు. కిట్స్‌బ్యూల్‌కు పొరుగునే ఉన్న టిరోల్ రాజధాని ఇన్స్‌బ్రుక్‌లో 1964లో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో, పోలండులో పుట్టి భారత పౌరసత్వం పొందిన జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం పక్షాన డౌన్‌హిల్‌లో పాల్గొన్నాడు. 2022లో బీజింగ్ క్రీడలకు మన దేశం నుండి వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలోమ్‌లో 45వ స్థానం సంపాదించినాడు. గుల్మార్గ్ వాడు. మేము బొక్కబోర్లా పడ్డ ఊరే.

హానెన్‌కమ్ డౌన్‌హిల్ పందెం సాధారణంగా జనవరి ఉత్తరార్ధంలో ఒక శనివారంనాడు, అక్కడి కాలమానం ప్రకారం పదకొండున్నరకు మొదలవుతుంది. అప్పటికి మనకు సాయంకాలం నాలుగు గంటలు. ఫలితం ఆ సాయంకాలపు క్రీడావార్తలలో, క్రికెట్టు కంటె ముందు, చదువుతాము.